బడి బావి, కరెంటు స్తంభం

మన బడి బావి మీలో ఎంతమందికి గుర్తుందో తెలియదు. 2002 తర్వాత చదివినవాళ్లకు అది ఆటస్థలం మూలన ఇనుప జాలీ వేసి మూసిన గుండ్రటి గోడ, అంతే. మా రోజుల్లో పొద్దున ప్రార్థన కంటే ముందు వినిపించేది దాని గిలక చప్పుడే. ఎనిమిదో తరగతి నుంచి వంతులుండేవి. ఇద్దరు చేదాలి, ఇద్దరు మోయాలి. తాగే నీళ్ల తొట్టి నిండాక మిగిలినవి తోటపని పీరియడులో వంకాయ మళ్లకు పోసేవాళ్లం. బావి లోతు 45 అడుగులు. నడి ఎండాకాలంలో కూడా నీళ్లు 25 అడుగుల కిందికి పోయేవి కావు. ఈ లెక్క నాకెలా తెలుసంటే, ఒకసారి బొక్కెన జారవిడిచినందుకు లెక్కల మాస్టారు నాకొక శిక్ష వేశారు. ప్రతి సోమవారం ముడులు వేసిన తాడు దింపి నీటిమట్టం కొలిచి, బ్లాకుబోర్డు మూలన రాయాలి. పదో తరగతి అయ్యేదాకా రాశాను. ఆ ముడుల తాడే నేను నేర్చుకున్న మొదటి ఇంజినీరింగు.

స్వర్ణోత్సవానికి గుర్తుగా బడికి ఏమివ్వాలన్న చర్చలో మనవాళ్లలో ఎక్కువమంది కొత్త బోరు అన్నారు. 800 అడుగులు వేయించి, సబ్‌మెర్సిబుల్ మోటారు దింపి, పైన సింటెక్సు ట్యాంకు పెట్టి, దాని మీద సంఘం పేరు రాయిద్దామని. కార్యదర్శిగారు నన్నడిగింది మాత్రం వేరే. "మీరు కరెంటు శాఖలో 35 ఏళ్లు చేశారు కదా, మన ప్రాంతానికి కరెంటూ నీళ్లూ ఎలా వచ్చాయో సంచికకు రాయండి" అన్నారు. ఈ రెండూ ఒకటే మాటని నాకనిపించింది. పాత బావి ఎందుకు ఎండిందో తెలుసుకోకుండా దాని పక్కన ఇంకో బొక్క వేయడం నాకు మనసొప్పడం లేదు. పైగా దాన్ని ఎండబెట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ సంగతి దాచిపెట్టి చరిత్ర రాస్తే పైనున్న మన సోషల్ మాస్టారు ఒప్పుకోరు.

మాస్టారి మాటతోనే మొదలుపెడతాను. అనంతపురం జిల్లాకు సగటున ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్లు. ఆ లెక్క ఆయన చెప్పి, వెంటనే "అయినా ఇక్కడ రాజ్యాలు నడిచాయి, ఎట్లా నడిచాయో చెప్పండి" అని అడిగేవారు. జవాబు చెరువు. అనంతపురం ఊరే చెరువు కట్ట పక్కన పుట్టిన ఊరు. ఎదురుగా బుక్కరాయసముద్రం, పేరులోనే సముద్రం. పక్క జిల్లా కడపలో పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి సంస్కృత శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించినది. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని అందులో లెక్క చెప్పారు. చెరువు బాగుండటానికి కావలసిన 12 అంగాలూ, చెరువుకు ఉండకూడని 6 దోషాలూ వరసగా చెక్కించారు. నీళ్ల శాస్త్రం తెలిసినవాడు దగ్గరుండటం అంగాల్లో ఒకటి. దోషాల్లో ఒకటి, నీళ్లు కొంచెం, సాగు నేల విస్తారం కావడం.

ఈ దోషాన్ని గుర్తుపెట్టుకోండి. దాదాపు 650 ఏళ్ల తర్వాత మనం చేసిన తప్పు సరిగ్గా అదే.

చెరువులో నీళ్లెన్నో కట్ట మీద నిలబడితే కనిపిస్తాయి. తూము ఎన్నాళ్లు వదలాలో, ఎవరి మడికి ఎంతో నీరుగంటి చూసుకునేవాడు. కట్ట మరమ్మతుకు దశబంధం ఇనాం భూములుండేవి. 1800లో మన జిల్లాలు ఇంగ్లీషు కంపెనీ చేతికి పోయాక కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ఊరూరా తిరిగి, ఇక్కడ కొత్త చెరువు కట్టడానికి అనువైన చోటంటూ దాదాపు మిగల్లేదని, జనం ముందే కట్టేసుకున్నారని రాశాడు. దొర మాటల్లో నాకు నచ్చిన మాట అదొక్కటే. ఆ తర్వాత ఇనాములు పోయాయి, పూడిక పేరుకుంది, 1876-78 కరువు వచ్చింది. చెరువుల పతనం వేరే పెద్ద కథ. ఇక్కడ నాకు కావలసింది 1882లో వచ్చిన ఒక చట్టం. ఈజ్‌మెంట్ల చట్టం అంటారు. దాని ప్రకారం తన పొలం కింద ఊరే నీళ్లను తోడుకునే హక్కు ఆ పొలం ఆసామిదే. కపిల బావి రోజుల్లో దీనివల్ల ఎవరికీ నష్టం లేదు. రెండు ఎద్దులు ఎంత తోలినా తోలు బానతో రోజుకు తోడగలిగేది కొంచెమే. ఎద్దు అలిసిపోతుంది, బావి ఊరుతుంది. ఎద్దు అలసటే ఆ రోజుల్లో చట్టం.

అలసట లేని ఎద్దు మనకు తుంగభద్ర నుంచి వచ్చింది. 1953లో ఆనకట్ట పూర్తయి, దాని దగ్గర జలవిద్యుత్తు మొదలైంది. ఉత్తరాన మాచ్‌ఖండ్ 1955లో వచ్చింది. 1959 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడింది. అయినా కరెంటు చాలాకాలం పట్నాల సొత్తుగానే ఉంది. పల్లెకు తీసుకొచ్చింది ఆకలి. 1965, 1966 వరసగా దేశమంతా కరువు. అమెరికా గోధుమల ఓడల కోసం ఎదురుచూసిన రోజులు. అప్పుడు ఢిల్లీలో కలిగిన ఆలోచన ఏమిటంటే, కాలువ కట్టడానికి ఇరవై ఏళ్లు పడుతుంది, ఉన్న బావికి మోటారు బిగించడానికి ఒక్క స్తంభాల వరస చాలు. బి. వెంకటప్పయ్య అధ్యక్షతన పనిచేసిన గ్రామీణ రుణ సమీక్షా సంఘం సిఫారసు మీద 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ పుట్టింది. రాష్ట్రాల బోర్డులకు అప్పు, రైతుకు భూమి తనఖా బ్యాంకు అప్పు. మన ఊరికి లైను వచ్చిన రోజు మేము బడి ఎగ్గొట్టి వెళ్లి చూశాం. హెడ్ మాస్టారు కూడా వచ్చారు కాబట్టి దెబ్బలు తప్పాయి.

ఆ విధానం తప్పని నేనెప్పుడూ అనను. తిండి లేని దేశానికి అది అవసరం. మా నాయన కపిల తోలిన ఎద్దుల్ని అమ్మి మూడు హెచ్.పి. మోటారు పెట్టినప్పుడు, మా అమ్మ ఆ మోటారుకు పసుపు కుంకుమ పెట్టింది. నన్ను పాలిటెక్నిక్‌లో చదివించింది ఆ మోటారు పండించిన చెనక్కాయలే. 1978లో నేను కరెంటు శాఖలో చేరినప్పుడు పొలాల్లో మోటారు గదుల వెంట తిరిగి మీటరు రీడింగు తీయడం మాకు పెద్ద పని. మీటర్లలో బల్లులు, కందిరీగల గూళ్లు. రీడింగు తీసేవాడికి రైతు చీనీకాయలు ఇచ్చేవాడు, బిల్లు చూశాక తిట్లు ఇచ్చేవాడు.

1980ల మొదట్లో మీటరు పోయి హెచ్.పి. లెక్క వచ్చింది. ఆ తర్వాత ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ రేటును హెచ్.పి.కి ఏడాదికి 50 రూపాయలు చేసింది. అంటే 5 హెచ్.పి. మోటారున్న రైతు ఏడాదికి 250 కడితే చాలు. గంట తోడినా, పగలూ రాత్రీ తోడినా అంతే. మాకు రీడింగుల బాధ పోయింది, రైతుకు బిల్లు బాధ పోయింది. అందరం సంతోషించాం. ఆ రోజు ఇంకొకటి కూడా పోయిందని నాకు చాలా ఏళ్లకు గానీ అర్థం కాలేదు. నీళ్లెంత తోడుతున్నామో చెప్పే ఒక్కగానొక్క కొలత పోయింది. భూగర్భజలానికి మీటరంటూ ఎప్పుడూ లేదు. కరెంటు మీటరే దానికి మీటరు. ఎద్దు అలసట పోయాక మిగిలిన చట్టం ఆ బిల్లే. అదీ పోయింది.

నేల కింద సంగతి కొంచెం చెప్పాలి. మనది నల్లరాతి, గ్రానైటు నేల. పైన మెత్తబడిన రాతి పొర చాలాచోట్ల యాభై అరవై అడుగులకు మించదు. అందులోనే నీళ్లు ఊరతాయి. దాని కింద గట్టి రాయి, ఆ రాయిలో అక్కడక్కడ పగుళ్లు. 550 మిల్లీమీటర్ల వానలో భూమిలోకి ఇంకేది సుమారు పదో వంతు, 55 మిల్లీమీటర్లు అనుకోండి. ఎకరాకు లెక్క వేస్తే అది దాదాపు 2 లక్షల 20 వేల లీటర్లు. ఒక ఎకరా వరి పంటకు 1,200 మిల్లీమీటర్ల నీళ్లంటే 48 లక్షల లీటర్ల పైమాట. అంటే ఒక ఎకరా వరి 22 ఎకరాల్లో ఇంకిన వాన నీటిని తాగేస్తుంది. చెనక్కాయకు అందులో సగం కూడా అక్కర్లేదు. ఈ లెక్క పదో తరగతి పిల్లవాడు చేయగలడు. కానీ మా ఆఫీసులో ఎవరూ చేయలేదు, ఎందుకంటే నీళ్లు మా శాఖ కాదు. భూగర్భజల శాఖవాళ్లు చేశారు, కానీ కనెక్షన్ ఇచ్చేది వాళ్లు కాదు. బోరుకు అప్పిచ్చే బ్యాంకు మాత్రం బావికీ బావికీ మధ్య ఇంత దూరం ఉండాలని అడిగేది. సొంత డబ్బుతోనో వడ్డీ వ్యాపారి డబ్బుతోనో వేసిన బోరుకు ఆ నియమం లేదు. మూడు కిటికీలున్న గదిలో ముగ్గురం తలా ఒక కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాం.

1988లో నన్ను మన మండలానికే సెక్షన్ ఇంజినీరుగా వేశారు. సొంత ఊళ్లో ఉద్యోగమంటే ఎంత గౌరవమో అంత ఇబ్బంది. నాతో ఒకే బెంచీలో కూర్చున్న మిత్రుడు ఒకరోజు ఆఫీసుకొచ్చాడు. బడి వెనక వాళ్ల నాలుగెకరాల్లో 200 అడుగుల బోరు వేశాడు, నీళ్లు పడ్డాయి, చీనీ చెట్లు పెట్టాలనుకుంటున్నాడు.

"రేయ్, బడి గోడ వెంబడి లైను వేస్తే మూడు స్తంభాలతో అయిపోతాది. సుట్టూ తిప్పితే పద్నాలుగు పడతాయంట. నువ్వుండి కూడా నేను పద్నాలుగు స్తంభాలకు డబ్బు కట్టాల్నా?"

మూడు స్తంభాల అంచనా నేనే రాశాను. మోటారు గది ఎక్కడొస్తుందో చూశాను, లైను ఎత్తు చూశాను, బడి పిల్లలకు ప్రమాదం లేకుండా గార్డింగు కూడా కట్టించాను. బడి బావికీ ఆ బోరుకూ మధ్య ఎంత దూరముందో మాత్రం చూడలేదు. చూడాలని ఏ రూలూ లేదు. కానీ రెండేళ్లపాటు ఆ బావిని ముడుల తాడుతో కొలిచినవాణ్ణి నేను. నాకు తట్టి ఉండాల్సింది. తర్వాత అడుగులు వేసి చూస్తే వంద మీటర్లు కూడా లేదు.

ఒక లైను వచ్చాక దాని మీద ఇంకో నలుగురు వస్తారు. అయిదేళ్లలో బడి చుట్టూ ఎనిమిది బోర్లయ్యాయి. అందరూ చీనీ పెట్టారు. చీనీ చెట్టు అయిదో ఏట కాపుకొస్తుంది, ఇరవై ఏళ్లు నిలుస్తుంది. అందుకే రైతుకు దాని మీద అంత ఆశ. ఒక్క ఎండాకాలం నీళ్లు లేకపోతే ఇరవై ఏళ్ల పెట్టుబడి పోతుంది. అందుకే బోరు ఎండితే పంట వదులుకోడు, ఇంకో బోరు వేస్తాడు. 200 అడుగులు 350 అయ్యాయి, 350 అడుగులు 600 అయ్యాయి. ఇక్కడ కరెంటు లెక్క చెప్పాలి. వెయ్యి లీటర్ల నీళ్లు 30 అడుగుల నుంచి పైకి తేవడానికి, మోటారు నష్టాలన్నీ కలుపుకున్నా, యూనిట్‌లో పదో వంతు పట్టదు. అదే నీళ్లు 600 అడుగుల నుంచైతే ఒకటిన్నర యూనిట్ల దాకా పడుతుంది. పైర్లకు అందే నీళ్లు అవే, కరెంటు మాత్రం ఇరవై రెట్లు. చవక కరెంటు నీళ్లను కిందికి తోసింది, కిందికి పోయిన నీళ్లు కరెంటు ఖర్చును పైకి తోశాయి. ఇద్దరు శత్రువులు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని నడిచినట్టు.

తర్వాతి చరిత్ర మీకు పేపర్లలో చదివినదే. 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం. 1999 ఫిబ్రవరి 1న బోర్డు జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడిపోయింది, మరుసటి ఏడాది నాలుగు పంపిణీ సంస్థలు వచ్చాయి. ప్రపంచ బ్యాంకు అప్పు, నియంత్రణ మండలి, చార్జీల పెంపు. 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో చార్జీలకు వ్యతిరేకంగా ఊరేగింపు మీద పోలీసు కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. ఆ సాయంత్రం రేడియో వార్తలు విన్నాక మా ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. ఆ రోజు తర్వాత మన రాష్ట్రంలో వ్యవసాయ కరెంటు ధర గురించి నోరు విప్పే ధైర్యం ఏ పార్టీకీ లేకపోయింది. ధర గురించి మాట్లాడకూడదంటే సరే, నీళ్ల గురించైనా మాట్లాడి ఉండాల్సింది.

మాట్లాడారు కూడా, నిజం చెప్పాలంటే. అదే 2000లో నీరు-మీరు మొదలైంది, ఇంకుడు గుంతలు, చెక్ డ్యాములు వచ్చాయి. 2002లో వాల్టా చట్టం వచ్చింది. నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం. బోరు వేయాలంటే అనుమతి, రిగ్గు యంత్రాలకు నమోదు, ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా కొత్త బోరు వేయకూడదన్న నియమం. చదువుతుంటే నా గుండెల్లో రాయి పడింది. మన బడి బావి ప్రజల తాగునీటి వనరు కాక మరేమిటి? పద్నాలుగేళ్లు ముందు ఈ ఒక్క వాక్యం ఉండుంటే నా మిత్రుడికి నేను మూడు స్తంభాలు కాదు, ఒక్క స్తంభం కూడా వేసేవాణ్ణి కాదు.

అదే ఏడాది, 2002, ముంగారు వానలు మొహం చాటేశాయి. ఆ వేసవిలోనే బడి బావి అడుగు కనిపించింది. మా కాలంలో నేను జారవిడిచిన బొక్కెన దొరికిందట, తుప్పు పట్టి. పిల్లలు ఇళ్ల నుంచి సీసాలు తెచ్చుకోవడం మొదలైంది. నా మిత్రుడు అప్పటికి ఆరో బోరు వేశాడు. చీనీ చెట్లకు ట్యాంకర్లతో నీళ్లు తోలాడు, ఒక్కో చెట్టుకు నాలుగు బిందెలు. ఆఖరికి ఆడపిల్ల పెళ్లికి దాచిన డబ్బుతో ఏడో బోరు వేస్తే రాతిపొడి తప్ప ఏమీ రాలేదు. చెట్లు కొట్టి కట్టెలకు అమ్మి, బెంగుళూరులో ఒక అపార్టుమెంటుకు వాచ్‌మెన్‌గా పోయాడు. ఈ వ్యాసం రాసే ముందు వాడికి ఫోన్ చేశాను. "రాయిరా, అంతా రాయి. నా పేరొకటి ఒద్దు, మనవళ్లు సదువుతారు" అన్నాడు.

2004 మే 14న రాజశేఖరరెడ్డిగారు ప్రమాణ స్వీకారం చేసి మొదటి సంతకం ఉచిత విద్యుత్తు ఫైలు మీద పెట్టారు. అప్పులపాలై ఆత్మహత్యలు చేసుకుంటున్న రైతుకు అది ఊపిరి, దాన్ని ఎగతాళి చేసే పట్నం మేధావులతో నేను ఇప్పటికీ పోట్లాడతాను. చెరువులూ కాలువలూ ఉన్న కోస్తా రైతుకు ప్రభుత్వం కట్టిన ఆనకట్ట నుంచి నీళ్లు నామమాత్రపు తీరువాకు వస్తాయి. మెట్ట రైతు తన బావి తానే తవ్వుకుంటాడు. అతనికి కరెంటు ఉచితమిస్తే అన్యాయమెలా అవుతుంది? తప్పు ఉచితంలో లేదు, ఉచితంతో పాటు ఇంకేమీ లేకపోవడంలో ఉంది. మరుసటి ఏడాది ప్రభుత్వం షరతులు పెట్టింది. కెపాసిటర్, రాపిడి తక్కువుండే ఫుట్‌వాల్వు, మంచి పైపులు, ఐ.ఎస్.ఐ. మోటారు ఉండాలంది. చాలా మంచి షరతులు. మేం బిగించిన కెపాసిటర్లు నెల తిరక్కుండా మోటారు గదుల్లో దూలానికి వేలాడేవి. ఎందుకంటే రోజుకు ఏడు గంటల సరఫరా, అదీ రెండు విడతలు, ఒకటి రాత్రి. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని రైతు ఆటో స్టార్టరు పెట్టుకుని నిద్రపోతాడు. రాగానే ఫీడరు మీదున్న మోటార్లన్నీ ఒక్కసారిగా లేస్తాయి. ట్రాన్స్‌ఫార్మరు కాలుతుంది. అర్ధరాత్రి నీళ్లు కట్టబోయి పాము కరిచి పోయినవాళ్లు, తడి చేత్తో స్టార్టరు ముట్టుకుని పోయినవాళ్లు మన మండలంలోనే ఉన్నారు. పగటిపూట ఒకే విడత కరెంటు ఇవ్వడమన్నది రైతు ప్రాణానికి సంబంధించిన సంగతి అని మా పెద్దలకు తెలియడానికి ఇంకో పదేళ్లు పట్టింది.

ఈ మొత్తం చరిత్రలో నాకు నిజంగా ఆశ కలిగించిన పని ఒకటుంది, దానికి పెద్దగా పేరు రాలేదు. రైతుల యాజమాన్యంలో భూగర్భజల వ్యవస్థలు అనే పథకం. 2003లో మొదలై ఆరేడేళ్లు సాగింది. అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ, ఏడు కరువు జిల్లాల్లో నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, స్థానిక స్వచ్ఛంద సంస్థలు నడిపాయి. అందులో ఎవరికీ సబ్సిడీ లేదు, ఎవరి మీదా నిషేధం లేదు. ఊళ్లో వానమాపకం పెట్టారు. ఎంపిక చేసిన బోర్లలో రైతులే పదిహేను రోజులకొకసారి నీటిమట్టం కొలిచి ఊరి గోడ మీద రాశారు. రబీకి ముందు అందరూ కూర్చుని, ఇన్ని నీళ్లున్నాయి, ఇన్ని ఎకరాల వరి పెడితే ఇంత తక్కువ పడుతుంది అని పద్దు వేశారు. ఏ పంట వేయాలో ఎవరూ చెప్పలేదు, ఎవరికి వారే తీర్మానించుకున్నారు. చాలా ఊళ్లలో వరి తగ్గింది. ఒక ఊళ్లో ఆ గోడ ముందు నిలబడి నేను చాలాసేపు కదల్లేదు. మా లెక్కల మాస్టారు నాకు వేసిన శిక్ష అదే, బ్లాకుబోర్డు బదులు గోడ. పోరుమామిళ్ల శాసనంలో ఉన్నదీ అదే, రాతి బదులు సున్నం.

ఇప్పటి సంగతి. హంద్రీ-నీవా కృష్ణ నీళ్లు 2012లో జీడిపల్లి జలాశయానికి చేరాయి. మన చెరువులు కొన్ని నిండాయి, కళ్లారా చూశాం. అయితే ఒకటి గమనించండి. శ్రీశైలంలో నీళ్లు కిందికి దూకితే కరెంటు వస్తుంది. అదే జలాశయం వెనక మల్యాల దగ్గర నీళ్లను పంపులతో దశలు దశలుగా పైకి ఎత్తి మనకు తెస్తున్నారు, దానికి కరెంటు కావాలి. కరెంటిచ్చే నీళ్లే కరెంటు తాగి వస్తున్నాయి. వద్దని కాదు, ఆ ఒక్కో చుక్కకూ ఎంత ఖర్చయిందో తెలుసుకుని వాడాలని. ఇంకోవైపు 90ల్లో రామగిరి కొండల మీద గాలిమరలు తిరగడం మొదలైంది. తర్వాత నంబులపూలకుంటలో సూర్యవిద్యుత్ పార్కు వచ్చింది. కరువు తెచ్చిన ఎండే ఇప్పుడు మన పంట అయింది. 2019లో కేంద్రం కుసుమ్ పథకం కింద సోలారు పంపులిస్తామంది. పగలే నీళ్లు, పాము భయం లేదు, రైతుకు అంతకంటే ఏం కావాలి? కానీ సూర్యుడు బిల్లు పంపడు. 50 రూపాయల శ్లాబు నేర్పిన పాఠం సోలారు పలక కింద మళ్లీ మొదటికొస్తుందేమోనని నా భయం. గుజరాత్‌లో ఖేడా జిల్లా ధుండి ఊళ్లో రైతులు 2016లో సహకార సంఘం పెట్టి, తోడగా మిగిలిన సోలారు కరెంటును పంపిణీ సంస్థకు అమ్ముకుంటున్నారు. మోటారు ఆపితే డబ్బొస్తుంది. నేను 35 ఏళ్లు చూసిన విధానాలన్నిటిలో, మోటారు ఆపినవాడికి లాభం చూపించింది అదొక్కటే.

ఇక మన బడి. పాత భవనం, కొత్త గదులు కలిపి మిద్దె 600 చదరపు మీటర్లు, పోయిన నెల నేనే టేపు పట్టి కొలిచాను. 550 మిల్లీమీటర్ల వానకు ఆ మిద్దె మీద పడేది 3 లక్షల 30 వేల లీటర్లు. ఐదో వంతు పోయినా 2 లక్షల 60 వేలు మిగులుతాయి. ఇప్పుడదంతా గొట్టాల్లోంచి ఆటస్థలంలో పడి వీధిలోకి పోతోంది. దాన్ని ఇసుక, కంకర పోసిన వడపోత తొట్టి గుండా పాత బావిలోకి మళ్లించడానికి, బావి పూడిక తీయించడానికి, మిద్దె మీద పలకలతో నడిచే ఒక హెచ్.పి. మోటారుకు కలిపి అయ్యే ఖర్చు 800 అడుగుల బోరు ఖర్చును దాటదు. అంచనా కార్యదర్శిగారికి ఇచ్చాను. తాగడానికి ఆ నీళ్లు పరీక్ష చేయించాకే వాడాలి. మరుగుదొడ్లకు, చేతులు కడగడానికి, తోటకు వెంటనే పనికొస్తాయి. బోరు వేస్తే ఇప్పుడు బడి చుట్టూ మిగిలిన ముగ్గురు రైతుల బోర్ల కంటే మనది లోతు అవుతుంది. వాళ్ల నీళ్లు మనకొస్తాయి. వాళ్లలో ఇద్దరు మన పూర్వ విద్యార్థులే, ఈ సంచిక వాళ్ల చేతికీ వస్తుంది.

ఆ బావి చచ్చిందనేవాళ్లకు ఒక్క మాట. 2021 నవంబరు వానలకు అందులో 19 ఏళ్ల తర్వాత నీళ్లు కనిపించాయి, సంక్రాంతి దాకా నిలిచాయి. మా మిత్రుడు మొన్న బెంగుళూరు నుంచి పండక్కి వచ్చినప్పుడు ఇద్దరం బడికి వెళ్లాం. వాచ్‌మెన్‌ను బతిమాలి జాలీ తీయించాం. నేను ఇంట్లో నుంచి నవారు తాడు తీసుకెళ్లాను, అడుగుకొక ముడి వేసి, చివర ఇనుప తాళం కట్టి. వాడు గోడ మీదికి వంగి దింపాడు, నేను ముడులు లెక్కపెట్టాను. 41వ ముడి దగ్గర తాడు వదులైంది. పైకి లాగి చూస్తే చివరి రెండు ముడులు తడిగా ఉన్నాయి. వాడు ఆ తాళాన్ని అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసి, "రాసుకో, ముప్పైతొమ్మిది" అన్నాడు.